భాగీరథి మామి విడిచిన ఆవర్తనం

మస్కట్‌లోని రూవీలో శుక్రవారం మధ్యాహ్నం దుకాణాలు మూసి ఉంటాయి. కొండల మీది వేడి దిగివచ్చి సందుల్లో నిలబడుతుంది. ఆ వేళ మా వీధిలో వినిపించేవి రెండే. ఏసీల హోరు. నాలుగో అంతస్తులో భాగీరథి మామి పాఠం.

తలుపు బయట చెప్పులు. లోపల జంపఖానా. దాని మీద పిల్లలు, వాళ్ళకెదురుగా గోడకు ఆనుకుని మామి. పక్కన శ్రుతిపెట్టె మోగుతూ ఉంటుంది. అసలు తంబూరా మూలన గుడ్డ కప్పుకుని ఉంటుంది. పాలక్కాడు నుంచి పసిబిడ్డలా మోసుకొచ్చింది దాన్ని. ఏసీ పొడిగాలికి పనసకర్ర కుండ ఒకసారి బీటవారింది. అతికించిన గీత ఇప్పటికీ కనిపిస్తుంది.

నేను వారమంతా ఏసీలు బాగుచేసేవాణ్ణి. శుక్రవారం మృదంగం తీసుకుని మామి ఇంటికి వెళ్ళేవాణ్ణి. ఆమెది పాలక్కాడు తమిళం. నాది కాకినాడ తెలుగు. ఇన్నేళ్ళలో ఏది ఎవరిదో కలిసిపోయింది. ఆమె మాటలన్నీ ఇప్పుడు నాకు తెలుగులోనే వినిపిస్తాయి.

పాటలు మాత్రం ఎలాగూ తెలుగువే. పాఠం మధ్యలో ఆపి అడిగేది.

"భాస్కరా, ఈ మాటకి అర్థమేమిటోయ్?"

చెప్పేవాణ్ణి. ఒక్కోసారి నాకూ తెలిసేది కాదు.

"తెలుగువాడివి, నీకు పాడడం రాదు. తమిళదాన్ని, నాకు అర్థం కాదు. ఇద్దరం కలిస్తే ఒక మనిషి."

లోపలి గదిలోంచి మామ అందుకునేవాడు. మామి భర్త, పేరు వాంచీశ్వరన్. టైర్ల కంపెనీలో పని. సంగీతం తెలియదని ఆయనే చెప్పుకుంటాడు.

"మరి నేనెవర్నే?"

"మీరు శ్రోత. నోరు మూసుకుని వినాలి."

"ముప్పై ఏళ్ళుగా అదే చేస్తున్నా కదా."

పిల్లలు నవ్వేవాళ్ళు. మామి తొడ మీద గట్టిగా ఒక దెబ్బ వేసేది. నవ్వు ఆగి తాళం మొదలయ్యేది.

మా భవనానికి ఎదురుగా మసీదు. మధ్యన ఒక సందు, రెండు వేపచెట్లు. పాఠం మధ్యలో అజాన్ మొదలవుతుంది. మామి వేలు ఎత్తుతుంది. పాట ఆగుతుంది. శ్రుతిపెట్టె ఆగుతుంది. చేతులు మాత్రం ఆగవు. పిల్లలందరూ చప్పుడు లేకుండా తాళం వేస్తూనే ఉంటారు. "పాట ఆపండి, తాళం ఆపకండి" అని మామి మొదటిరోజే చెబుతుంది. పిలుపు అయిపోయాక కూడా వెంటనే అందుకోదు. ఒక ఆవర్తనం, అంటే ఎనిమిది దెబ్బల చుట్టు ఒకటి, ఖాళీగా తిరగనిస్తుంది. ఆ గొంతు గాల్లోంచి పూర్తిగా దిగాక, ఆపిన మాట దగ్గరే మళ్ళీ ఎత్తుకుంటుంది.

"మొదట భయంతో ఆపాను" అంది ఒకసారి. "తరవాత మర్యాదకి. ఇప్పుడు ఆపకపోతే నాకే ఊపిరాడదు."

ఇంటి యజమాని ఖమీస్ ముసలాయన. కింద ఖర్జూరాల దుకాణం. లిఫ్టులో మామిని చూసి, "మాకోసం ఆగనక్కర్లేదమ్మా, పాడుకోండి" అన్నాడట.

"మీకోసం కాదండీ. ఒక గొంతు వినిపిస్తుంటే ఇంకో గొంతు ఎత్తకూడదని మా అత్త నేర్పింది."

ఆ వారం ఖర్జూరాల బుట్ట పైకి వచ్చింది. తరవాత ప్రతి పంటకీ వచ్చేది.

మామి ఏ మాట ఎత్తినా చివరికి ఆ అత్త దగ్గరకే వెళ్ళేది. మేనత్త, పేరు కుంజమ్మాళ్. పాలక్కాడులోని కల్పాత్తి అగ్రహారంలో తమ్ముడి ఇంట్లో, అంటే మామి పుట్టింట్లో ఉండేది. ఆ ఇంటికి ఎవరో భాగవతార్ వచ్చి కొన్నాళ్ళు బస చేసి, మగపిల్లలకు ఒక పాట చెప్పాడట. అత్త వంటింటి తలుపు వెనక నిలబడి విన్నది. మగపిల్లలు మరిచిపోయారు. అత్త మరవలేదు. పిండి రుబ్బుతూ పాడేది. బయటివాళ్ళ అడుగు వినబడితే ఆపేసేది. ఆ ఇంటి ఆడవాళ్ళు నలుగురి ముందు పాడరు.

రుబ్బురోలు పక్కన కూర్చుని మామి ఆ పాట నేర్చుకుంది.

ఘంటా రాగం. అమ్మవారి మీద పాట. పుస్తకాల్లో లేదు. నాకు తెలిసి ఇంకెవరికీ రాదు. చరణంలో భక్తుడు "వాకిట నిలిచితినమ్మా" అంటాడు. ఆ ఒక్క మాటకే అత్త ఏడు సంగతులు, అంటే ఏడు రకాల మలుపులు వేసేది. ఏడోది వేసేటప్పుడు రోలు ఆగిపోయేదట.

కచేరీలో అరుదైన పాట ఎత్తుకునే ముందు అది ఎవరి పాఠమో చెప్పడం మా వాళ్ళ మర్యాద. ఫలానా ఊరు, ఫలానావారి పాఠం. రెండు చెవులూ తాకి ఆ పేరు చెప్పి మొదలుపెడతారు. మామికి కావలసింది అదే.

"నా పేరు అక్కర్లేదు భాస్కరా. ఏదో ఒక హాల్లో, మైకు ముందు, ఇది కల్పాత్తి కుంజమ్మాళ్ పాఠం అని ఒక్కసారి వినాలి. తరవాత పాట ఎవరి దగ్గరికైనా పోనీ."

"మీరే పాడొచ్చు కదా మామీ?"

"నా గొంతు ఈ గదికి సరిపోతుంది. హాలుకి చాలదు."

గొంతు ఉన్నది మైథిలికి.

మైథిలి చిన్న గౌను వేసుకునే వయసులో వచ్చింది. చింతపండు బిళ్ళ నోట్లో పెట్టుకుని వచ్చేది. తల్లి సుభాషిణి పక్కనే కూర్చుని, ఫోన్‌లో పాఠమంతా పట్టుకునేది. వాళ్ళది తిరునెల్వేలి. తండ్రి చమురు కంపెనీలో ఎడారిలో ఉండేవాడు, నెలకోసారి కనిపించేవాడు.

"బిళ్ళ మింగి పాడు. పాటలో పులుపు వినిపిస్తోంది" అనేది మామి.

"మింగేశాను మామీ."

"నాలుక చూపించు."

నాలుక ఎర్రగా ఉండేది. అయినా ఆ గొంతు వినగానే మామి ముఖం వదులయ్యేది. మిగతా పిల్లల్ని తిట్టినట్టు దాన్ని తిట్టలేదు. ఎక్కువ తిట్టింది.

"అది రాగమా, బస్సు హారనా?"

"హారనే మామీ. పక్కకి తప్పుకోండి."

మామ లోపలినుంచి పెద్దగా నవ్వేవాడు.

మైథిలికి పదిహేనో ఏడు వచ్చాక మామి అత్త పాట మొదలుపెట్టింది. ఇంకెవరికీ చెప్పలేదు. మిగతా పిల్లలు వెళ్ళాక మైథిలిని, నన్ను ఉండమనేది. సుభాషిణి ఫోన్ పట్టుకుని కూర్చునేది. ఒక శుక్రవారం చరణం జరుగుతోంది. "వాకిట నిలిచితి" అన్నారు ఇద్దరూ. అజాన్ మొదలైంది. మామి వేలు ఎత్తింది. ఎప్పటిలాగే చేతులు తిరిగాయి. పిలుపు ముగిసింది. ఒక ఆవర్తనం ఖాళీగా పోయింది. "నమ్మా" అని మామి అందుకుంది.

సుభాషిణి ఇంటికి వెళ్ళి ఆ పాఠంలోంచి అజాన్ కత్తిరించింది. పిల్ల సాధన చెయ్యడానికి వీలుగా ఉంటుందని. పిలుపు పోయింది. దాని తరవాత ఖాళీ ఆవర్తనం మిగిలిపోయింది.

మైథిలి వారమంతా అది విని సాధన చేసింది. మళ్ళీ వచ్చినప్పుడు పాడింది. "వాకిట నిలిచితి" అని ఆగింది. చెయ్యి తిరుగుతోంది. గొంతు లేదు. నేను ఏం చెయ్యాలో తెలియక మృదంగం మీద చెయ్యి ఎత్తి ఉంచాను. చుట్టు పూర్తయింది. "నమ్మా."

మామి చూసింది.

"మధ్యలో నిద్రపోయావేమే?"

"అలాగే కదా మామీ చెప్పారు? రికార్డింగులో అలాగే ఉంది."

ఫోన్ తెప్పించి వింది. సంగతి తెలిసింది. మామి ఎంత నవ్విందంటే మామ లోపలినుంచి వచ్చి నిలబడ్డాడు. తరవాత కళ్ళు తుడుచుకుని, "ఇంకోసారి పాడు" అంది. మైథిలి మళ్ళీ పాడింది. మళ్ళీ ఆగింది. ఈసారి మామి నవ్వలేదు. కిటికీ వైపు చూస్తూ తాళం వేసింది.

"ఉండనీ" అంది. "అత్తకి కూడా అక్కడ రోలు ఆగేది. ఇది ఇకనుంచి ఇలాగే. రూవీ పాఠం."

ఆ ఖాళీ ఆవర్తనం అలా పుట్టింది. ఆ గదిలో ఉన్నవాళ్ళకే తెలుసు.

పై ఏడు సుభాషిణి, మైథిలి పళ్ళెంతో వచ్చారు. తమలపాకులు, వక్కలు, కొబ్బరికాయ, చీర. పిల్ల పట్టుపావడాలో ఉంది. మొదటి గురువు దగ్గర సెలవు తీసుకోకుండా రెండో గురువు దగ్గరకు పోకూడదు. చెన్నైలో తిరుమానూర్ రఘుపతి అనే పెద్ద విద్వాంసుడు కంప్యూటర్‌లో పాఠాలు చెప్పడానికి ఒప్పుకున్నాడట. ఆయన ఎవర్నీ త్వరగా తీసుకోడు. మైథిలి గొంతు విని తీసుకున్నాడు.

"మీరు ఊ అంటేనే మామీ" అంది సుభాషిణి. "లేకపోతే లేదు."

"నేను ఊహూ అంటే ఆగుతావా?"

సుభాషిణి నవ్వింది. మామి కూడా నవ్వింది. ఆమెకు నిజంగా సంతోషంగానే ఉంది. ఆ గొంతు హాలుకు పోవలసిందేనని మామికి ముందునుంచీ తెలుసు.

"ఒక్కటే" అంది. లేచి తంబూరా మీది గుడ్డ తీసింది. "అత్త పాట ఎవరికీ ఇవ్వకు. ఏదో ఒకనాడు వేదిక మీద నువ్వే పాడాలి. అత్త పేరు చెప్పి పాడాలి. ఆ తరవాత నీ ఇష్టం."

మైథిలి తంబూరా మీద చెయ్యి పెట్టింది.

"సరే మామీ."

"ఏం సరే? పేరు చెప్పు."

"కల్పాత్తి కుంజమ్మాళ్ పాఠం."

మామి దాని చెంప మీద తట్టింది. మామ కాఫీ పట్టుకొచ్చాడు. డికాషన్ ఎక్కువైంది. ఆ రోజు మామి ఏమీ అనకుండా తాగింది.

ఆ తరవాత మైథిలి రావడం తగ్గింది. పండగలకు వచ్చి కాళ్ళకు దండం పెట్టేది. సార్ ఇలా అన్నారు, సార్ అలా పాడమన్నారు అని చెప్పేది. మామి తల ఊపుతూ వినేది. "నీ గొంతులో ఇప్పుడు చెన్నై వినిపిస్తోందే" అంది ఒకసారి. మైథిలి దాన్ని మెప్పు అనుకుంది. నాకు అలా అనిపించలేదు.

మస్కట్‌లో మా సంగీత సమాజం ఏటా ఒక ఉత్సవం చేస్తుంది. చలి మొదలయ్యాక, కిటికీలు తెరుచుకునే రోజుల్లో. ఒక ఏడు రఘుపతిని పిలిచారు. ఆయన తన వయొలిన్, మృదంగం వాళ్ళతో వస్తున్నాడు. వెనక కూర్చుని తంబూరా మీటుతూ గొంతు కలపడానికి మైథిలి. సమాజం వాళ్ళు మామికి ఫోన్ చేసి తంబూరా అడిగారు. ఊళ్ళో మంచి తంబూరా అదొక్కటే.

తరవాత మైథిలి ఫోన్ చేసింది.

"మామీ, తప్పకుండా రావాలి. ముందు వరసలో కూర్చోవాలి. మీకొకటి ఉంది."

"ఏమిటే?"

"వచ్చాక మీకే తెలుస్తుంది."

మామి ఫోన్ పెట్టింది.

"సార్‌ని అడిగి ఉంటుంది" అంది నాతో. "మధ్యలో పిల్లకి ఒక పాట ఇస్తాడు. పెద్దవాళ్ళు అలా ఇస్తారు. అదే అయి ఉంటుంది."

మామ చెప్పులు వేసుకుంటూ అన్నాడు. "ఆ పెద్దాయన కచేరీలో ఈ పిల్లకి పాట ఇస్తాడా? మా మేనేజరు నాకు తన కుర్చీ ఇస్తాడా?"

"శుభమా అని బయలుదేరుతుంటే ఆ నోరేమిటి?"

మామి ఆ రోజు లక్క రంగు పట్టుచీర కట్టింది. అత్త పెట్టిందట. మడతల దగ్గర చిరుగులు కుట్టి ఉన్నాయి. కారులో వెనక సీట్లో తంబూరా, దాని పక్కన మామి. కుదుపు వచ్చినప్పుడల్లా దాన్ని పట్టుకునేది.

హాలు నిండింది. రఘుపతి పొడవాటి మనిషి. తెల్లటి జుబ్బా, నుదుట విభూతి. గొంతు నిజంగా గొప్పది. మొదటి పాటకే మామి కళ్ళు మూసుకుంది. "బాగుంది" అంది మెల్లగా. "దొంగ సంగతి ఒక్కటీ లేదు."

వెనక మైథిలి మామి తంబూరా మీటుతోంది. అతికించిన గీత మాకు కనబడకుండా తిప్పి పెట్టుకుంది.

పెద్ద పాట ముందు ఆయన మైకు దగ్గరకు జరిగాడు.

"ఇప్పుడొక అరుదైన కృతి. ఘంటా రాగం" అన్నాడు.

మామి నా మోచెయ్యి పట్టుకుంది.

ఆయన రెండు చెవులూ తాకాడు. "ఇది మా పరమగురువుల ఇంటి సొత్తు. బయట ఎవరి దగ్గరా లేదు. నేనూ తరచుగా పాడను. ఈ ఊరికి వచ్చాక ఎందుకో పాడాలనిపించింది."

వయొలిన్ ఆయన శ్రుతి చూసుకున్నాడు. ఎవరో దగ్గారు. పల్లవి మొదలైంది.

అత్త పాటే. అనుపల్లవిలో ఎక్కే చోటు, దిగే చోటు, అన్నీ అవే. రఘుపతి అక్కడక్కడా తన నగిషీ చెక్కాడు. మామి చెయ్యి నా మోచేతి మీంచి జారి ఒళ్ళో పడింది. అక్కడ తాళం వెయ్యడం మొదలుపెట్టింది. ముఖం ముందు వైపే ఉంది.

చరణం వచ్చింది. "వాకిట నిలిచితి" అన్నాడాయన. ఏడు సంగతులు వరసగా. ఏడోదాని చివర ఆగాడు.

వయొలిన్ ఆగింది. మృదంగం ఆయన చెయ్యి పైకెత్తి ఉంచాడు, నేను ఎత్తినట్టే. హాలంతా నిశ్శబ్దం. ఒక ఆవర్తనం. మామి వేళ్ళు ఒక్కొక్కటిగా తొడను తాకాయి. మైథిలి తల వంచుకుని ఉంది. తంబూరా ఒక్కటే మోగుతోంది.

"నమ్మా."

చప్పట్లు పాట మధ్యలోనే మొదలయ్యాయి. ముగిశాక రఘుపతి నవ్వుతూ చెప్పాడు. "చాలామంది అడుగుతారు, అక్కడ ఎందుకు ఆగుతారు అని. భక్తుడు వాకిట నిలిచాడు. పాట కూడా వాకిట నిలవాలి. తలుపు తెరుచుకునేదాకా. మా పూర్వులు అలా పెట్టారు."

మళ్ళీ చప్పట్లు. నా పక్కనున్నాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. మామ మామి వైపు చూశాడు. ఏదో అనబోయి మానేశాడు. ఆయన అలా మానెయ్యడం నేనెప్పుడూ చూడలేదు.

కచేరీ అయ్యాక తంబూరా తెచ్చుకోవడానికి వేదిక వెనకకు వెళ్ళాం. నడవాలో సుభాషిణి ఎదురొచ్చింది. జడ నిండా మల్లెపూలు.

"మామీ! ఎలా ఉంది? ఒళ్ళు జలదరించలేదూ? మీ పాట ఎంత పెద్ద గొంతులోకి వెళ్ళిందో చూశారా? ఆ నిలుపు దగ్గర నాకు కన్నీళ్ళు ఆగలేదంటే నమ్మండి."

"దాన్ని కత్తిరించింది నువ్వే కదా సుభా" అంది మామి.

"ఏం కత్తిరించాను?"

"అజాన్."

సుభాషిణి నవ్వు ముఖం మీద అలాగే ఉంది. కళ్ళు మాత్రం పక్కకు వెళ్ళాయి. "ఎప్పటి మాటో మామీ. సార్ వాళ్ళ ఇంట్లో కూడా అలాగే పాడేవారట. కలిసొచ్చింది. పాట లోకంలోకి వెళ్ళింది కదా, మనం సంతోషించాలి."

మైథిలి తంబూరా ఎత్తుకుని వచ్చింది. మామిని చూసి ఆగింది.

"ఎవరి పాఠమే అది?" అంది మామి. గొంతు పెంచలేదు. క్లాసులో అడిగినట్టే అడిగింది.

"మామీ, నేను చెబుదామనే..."

"పేరు చెప్పు."

మైథిలి తల్లి వైపు చూసింది. తరవాత నేలవైపు.

"ఆయన్ని అడిగాను మామీ. నిజంగా అడిగాను. పేరు వేద్దామా అని. ఆయన అన్నారు, వంటింట్లో పాడుకున్న ఆవిడ పేరు చెబితే జనం పాట వినరు, కథ వింటారు అని. పాట నిలవాలంటే పేరున్న ఇంట్లోంచి రావాలి అని."

"నువ్వేమన్నావు?"

మైథిలి తంబూరాను దగ్గరకు లాక్కుంది.

"సరే అన్నావా?"

"వచ్చే డిసెంబరులో నాకు సభలో కచేరీ ఇప్పిస్తానన్నారు మామీ. అందులో నేను..."

"అందులో ఎవరి పేరు చెబుతావు?"

మైథిలి మళ్ళీ తల్లి వైపు చూసింది. నడవా చివర తలుపు తెరుచుకుని రఘుపతి బయటికొచ్చాడు. వెనక సమాజం పెద్దలు. సుభాషిణి ముందుకు ఉరికింది.

"సార్, వీరే మైథిలికి మొదటి టీచర్."

ఆయన రెండు చేతులూ జోడించాడు. వంగి మరీ దండం పెట్టాడు. "పునాది మీదే మామీ. చాలా గట్టి పునాది. అది లేకపోతే మేం పైన ఏం కట్టగలం?"

మామి చేతులు జోడించింది.

"ఒక్క సందేహం. ఆ నిలుపు ఎన్నాళ్ళనాటిది?"

రఘుపతి కళ్ళు మూసుకున్నాడు. "మా పరమగురువుల కాలం నాటిది. నూరేళ్ళు దాటి ఉంటుంది."

అబద్ధమాడేవాడి ముఖం కాదు అది. అప్పటికే ఆయన దాన్ని నమ్మేశాడు. నాకు ఒళ్ళు మండింది. నోరు తెరిచాను.

"భాస్కరా" అంది మామి. "తంబూరా పట్టుకో. జాగ్రత్త, కుండ దగ్గర అతుకు ఉంది."

ఆ మాట రఘుపతి చూస్తుండగా, మైథిలి చేతిలోంచి నేను తంబూరా అందుకుంటుండగా అంది. మైథిలి ఒక క్షణం వదలలేదు. తరవాత వదిలింది.

కారులో బయలుదేరాం. వాదీ కబీర్ మలుపు దాటాక మామ అన్నాడు.

"నూరేళ్ళట. మన ఎదురు మసీదు కట్టి నిండా నలభై ఏళ్ళు కాలేదు."

ఇంకో రోజైతే మామి ఏదో ఒకటి అనేది. ఆ రోజు కిటికీ బయటే చూస్తోంది.

"ఖమీస్‌కి చెప్పాలి" అన్నాడు మామ. "ఆయన పూర్వులే పెట్టారని."

"చాలు."

"సుభాషిణి పట్టుకున్న పాఠం రికార్డింగు మన దగ్గర కూడా ఉందిగా, బయటపెడితే..."

"ఎవరి మీద? పిల్ల మీదా?"

మామ కారు అద్దం దించాడు. మామి తనలో తాను అన్నట్టు అంది. "అత్త పేరు దానికి చెప్పకుండా ఉంటే బాగుండేది. తెలియక చెప్పలేదు అనుకునేదాన్ని."

పాఠాలు ఆగలేదు. మళ్ళీ శుక్రవారం వచ్చింది. చెప్పులు, జంపఖానా, శ్రుతిపెట్టె. మామి పిల్లల్ని మామూలుగానే తిట్టింది. మైథిలి రెండుసార్లు ఫోన్ చేసిందని మామ చెప్పాడు. మామి తీసిందా అని నేను అడగలేదు. మూలన తంబూరా గుడ్డ కప్పుకుని ఉంది. తరవాత దాన్ని ఎవరూ అడగలేదు. అడిగినా ఇచ్చి ఉండేది కాదనుకుంటాను.

డిసెంబరు వచ్చింది, పోయింది. చెన్నైలో మైథిలి కచేరీ బాగా జరిగిందని ఊళ్ళో చెప్పుకున్నారు. ఘంటా రాగం పాట కూడా పాడిందట. మా గురువుగారి పాఠం అని చెప్పి పాడిందట. అది విన్న రోజు మామి కొత్తిమీర కోస్తోంది. కోస్తూనే ఉంది. అంత కొత్తిమీర ఆ ఇంట్లో ఎవరికీ అక్కర్లేదు.

వేసవి ముదిరాక ఒక శుక్రవారం కొత్తగా ఒకావిడ కూతుర్ని తీసుకొచ్చింది. త్రిశ్శూరు వాళ్ళు. ఘూబ్రా నుంచి అంత దూరం వచ్చారు. పిల్లకి మంచి గొంతు. రెండు గీతాలు పాడించి మామి తల ఊపింది. నేను మామి ముఖం చూశాను. మైథిలి మొదట పాడినప్పుడు ఎలా వదులయిందో అలా వదులయింది. ఒక్క క్షణమే.

ఆ తల్లికి ధైర్యం వచ్చింది. సంచిలోంచి ఫోన్ తీసింది.

"టీచర్, మా పాపకి ఒకటే కోరిక. రఘుపతి సార్ పాట ఉంది కదా, ఘంటా రాగం? ఇప్పుడు అందరూ అదే పాడుతున్నారు. మధ్యలో ఒక చుట్టు ఊరికే ఆగుతారే, అది. అది మీరు నేర్పిస్తే..."

ఫోన్‌లో పాట మొదలైంది. "వాకిట నిలిచితి." నిశ్శబ్దం. ఆ చిన్నపిల్ల వేళ్ళు తొడ మీద తిరిగాయి. తప్పు లేకుండా తిరిగాయి.

మామ లోపలి గది గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు.

మామి ఆ పిల్ల వేళ్ళనే చూస్తోంది. నేర్పిస్తుందనుకున్నాను. పిల్ల దగ్గర తప్పేముంది? మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టొచ్చు. మళ్ళీ పేరు చెప్పించొచ్చు. మామి నోరు తెరిచింది. మూసింది.

"ఆ పాట నాకు రాదమ్మా" అంది.

ఆ తల్లి నొచ్చుకుంది. "పర్లేదు టీచర్. పెద్దవాళ్ళ పాటలు అందరికీ రావు కదా."

"రావు."

వర్ణం మొదలుపెట్టింది మామి. నేను తాళం అందుకున్నాను. కాసేపటికి ఎదురు మసీదులో అజాన్. మామి వేలు ఎత్తింది. పాట ఆగింది. పిల్లలందరూ చప్పుడు లేకుండా చేతులు తిప్పుతున్నారు. కొత్తపిల్ల పక్కవాళ్ళను చూసి కలుపుకుంది. వేపచెట్ల మీంచి ఆ గొంతు వచ్చి గది నిండా నిలిచింది. మెల్లగా దిగింది.

నేను మృదంగం మీద చెయ్యి ఎత్తి ఖాళీ ఆవర్తనం కోసం ఆగాను. పిల్లలూ ఆగారు.

మామి ఆగలేదు. పిలుపు ముగిసీ ముగియకముందే వర్ణం అందుకుంది. ఒక్కతే పాడుతోంది. మా చేతులింకా గాల్లో ఉన్నాయి.